గరిక మీద బుధవారం

మా శాఖలో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ కాలంలో ప్రజలు నియమాలను గౌరవించేవారట కదండీ" అని అడుగుతూ ఉంటారు. ఆ మాట ఎవరు పుట్టించారో నాకు తెలియదు. ప్రజలు నియమాలను ఏనాడూ గౌరవించలేదు. గౌరవిస్తున్నట్టు నివేదికలు రాసుకున్నది మేమే. అయితే నా ఉద్యోగజీవితంలో ఒకే ఒక్క రోజు, కొన్ని వందల మంది నేను నోటితో చెప్పిన నియమాన్ని తుచ తప్పకుండా పాటించారు. ఆ రోజున దానిని అతిక్రమించబోయిన వ్యక్తి ఒక్కరే. ఆయన మా పై అధికారి. మీకు పనికివచ్చే పాఠం ఇందులో ఉన్నదో లేదో నేను చెప్పలేను గాని, జరిగినది జరిగినట్టు చెప్పగలను.

అవి పందొమ్మిదివందల ఎనభైల తొలినాళ్ళు. నేను హైదరాబాదు పాతబస్తీలో ఉద్యానాల పర్యవేక్షకుడిని. కోస్తా నుంచి వచ్చినవాడిని. సైదాబాదులో అద్దెకుండి సైకిలు మీద తిరిగేవాడిని. నా పరిధిలోని తోటలన్నింటికంటె నాకు ప్రాణప్రదమైనది తోటే కాదు. జనావాసాలు పలచబడే చోట ఒక ప్రభుత్వ చెరువు, దాని ఒడ్డున ఏటవాలుగా ఒక మొరం దిబ్బ, దిబ్బ పక్కగా పల్లంలో రోడ్డు. వానపడినప్పుడల్లా ఆ మొరం నీటిలోకి జారేది. చెరువు ఎర్రబడేది. నీటికోళ్ళు గూళ్ళు కట్టుకునే తుంగ ఏటా కొంత పూడిపోయేది. నేను ఆ వాలు మీద గరిక నాటించాను. గరిక వేళ్ళు మట్టిని పట్టుకుంటే మరి దేనితోనూ పనిలేదని నా వాదం.

మా పై అధికారిది వేరే వాదం. ఆయన మా ప్రాంతం వాడే. చదువుకున్నవాడు, దైవభక్తి కలవాడు, అంతకుమించి సిమెంటు భక్తి కలవాడు. ఆ వాలునంతా షాబాదు బండలతో కప్పి, మెట్లు కట్టి, పైన క్యాంటీను, కింద పడవలు పెట్టి, దానికి "వినోద విహార కేంద్రం" అని పేరు పెట్టాలని ఆయన కోరిక. "ప్రజలను ఆకర్షించగల సౌకర్యమేదీ ఈ స్థలమునందు లేదు" అని ప్రతిపాదనలో రాశారు. నా గరిక సంగతి ఎత్తితే ఆయన నవ్వి, "సరేనయ్యా, కమిటీ చూడడానికి వస్తుంది. ఆ రోజుకి నీ గడ్డి నిలిచి ఉంటే ఆలోచిద్దాం. లేకపోతే బండలే" అన్నారు. కార్తీకమాసంలో ఒక గురువారం నాడు కమిటీ రాక నిశ్చయమైంది.

కనుక ఆ గురువారం వరకు గడ్డి మీద ఎవరూ కాలు పెట్టకూడదు. ఈ విషయంలో నాకు సందేహం ఉండేది కాదు. గడ్డిని దూరం నుంచి చూసి గౌరవించాలి, దగ్గరకు వెళ్ళనక్కరలేదు. మా నాన్నగారితో నాకున్న సంబంధం కూడా అటువంటిదే, అది కూడా చక్కగానే నిలిచింది.

నాకు ఇద్దరు సహాయకులు. మాలీ గౌలిపురవాడు, ఇంట్లో బర్రెలుండేవి, పాలమ్మేవారు. పచ్చగడ్డిని చూసినప్పుడల్లా అతని ముఖంలో ఒక నిట్టూర్పు కదిలేది. "గింత గడ్డి సార్... మా బర్రెలు జూస్తే ఏడుస్తయి" అనేవాడు. చౌకీదారు మొఘల్‌పురా మనిషి. నవ్వకుండా నవ్వించగలవాడు. కాపలా కంటె కబుర్లలో దిట్ట. ఆ చుట్టుపక్కల అతడు ఎరగని గడప లేదు. అందువల్ల నాకు ఏ ఉపకారం జరుగుతుందని నేను అనుకున్నానో, సరిగ్గా దానికి విరుద్ధంగా జరిగింది.

నేను ఒక బోర్డు రాయించాను. ఏ ప్రకటనకైనా విషయం శీర్షికగా పైన పెద్ద అక్షరాలలో ఉండాలి, ఆదేశం కింద చిన్న అక్షరాలలో ఉండాలి. ఇది మాకు నేర్పిన పద్ధతి, ఇప్పటికీ సరియైన పద్ధతి. పైన పెద్దగా "పచ్చిక", దాని కింద చిన్నగా "పై నడచుట నిషిద్ధము" అని రాసి పెయింటరుకు ఇచ్చాను. పాతబస్తీలో తెలుగు ఒక్కటే చాలదు గనుక ఉర్దూలో కూడా రాయమన్నాను. అతడు పై వరుసలో మూరెడు అక్షరాలతో "సబ్జా" అని రాశాడు. సబ్జా అంటే పచ్చదనం, పచ్చిక. దాని కింద "పర్ చల్నా మనా హై" అని, మిగిలిన స్థలంలో, మిగిలిన రంగుతో రాశాడు. మిగిలిన రంగు ముదురు ఆకుపచ్చ. బోర్డు లేత ఆకుపచ్చ. దానిని వాలు నడుమ, అందరికీ కనబడేటట్టు పాతించాను.

మాలీ దానిని అటూ ఇటూ తిరిగి చూశాడు. ఉర్దూ అతడూ చదవగలడు.

"సార్, సబ్జా గింజల షర్బత్ పెడ్తున్రా ఏంది గీడ?"

"కింద చదువు."

"కింద గూడ ఏమన్న రాసిన్రా సార్?"

అతని చూపు మందగించిందని అనుకున్నాను. మర్నాడు చౌకీదారు బోర్డు ముందు నిలబడి, గుండెల మీద చెయ్యి వేసుకుని నాకు సలాము చేశాడు.

"బహుత్ అచ్ఛా కామ్ కరే సాబ్ ఆప్! గింత మంచి పని ఏ సాబ్ గూడ చెయ్యలే. బస్తీల అందర్కి జెప్త."

నిషేధాన్ని ప్రచారం చేస్తానని ఒక చౌకీదారు తనంతట తానుగా ముందుకు వచ్చాడు! నా ఆనందం ఊహించండి. "తప్పకుండా చెప్పు. ఒక్క ఇల్లు కూడా విడిచిపెట్టకు" అన్నాను.

అతడు ఒక్క ఇల్లు కూడా విడిచిపెట్టలేదు.

కమిటీ రావలసిన గురువారానికి ముందు రోజు, బుధవారం పొద్దున, నేను సైకిలు మీద వాలు దగ్గరకు వచ్చేసరికి రోడ్డు పొడవునా రిక్షాలు నిలిచి ఉన్నాయి. బురఖాల స్త్రీలు, టోపీల ముసలివారు, టిఫిను గిన్నెలు, పసిపిల్లలు. అందరూ నా గరిక మీదనే ఉన్నారు. మంచు ఇంకా ఆరలేదు. తడి గడ్డి మీద ఉత్తకాళ్ళతో, తొందర లేకుండా, ఏదో మెత్తని సరుకు నాణ్యం చూస్తున్నట్టు నడుస్తున్నారు. నేను ఈల ఊదాను. కొందరు పిల్లలు సంతోషంతో తిరిగి ఈల వేశారు.

చౌకీదారు పరుగెత్తుకు వచ్చాడు. "సాబ్, సాబ్! మీరే పిల్సి, మీరే సీటీ గొడ్తరా? బేఇజ్జతీ అయితది."

"నేను పిలిచానా? బోర్డు మీద ఏమి రాసి ఉన్నది?"

"సబ్జా."

"దాని కింద?"

అతడు బోర్డు దగ్గరకు వెళ్ళి, వంగి, కళ్ళు చికిలించి, అక్షరం అక్షరం కూడుకున్నాడు. చాలాసేపటికి నిటారుగా లేచాడు.

"అరె... మనా హై అని ఉంది సాబ్. గని ఇది దగ్గరికొస్తెనే కనబడ్తది. దగ్గరికి రావాల్నంటే గడ్డి మీదికెల్లే రావాలె."

 అప్పుడు అతడు విషయం చెప్పాడు. ఆ రోజు సఫర్ నెలలో చివరి బుధవారం. ప్రవక్తవారు జబ్బు నుంచి తేరుకుని బయటికి వచ్చిన రోజని అక్కడివారి నమ్మకం. ఆ రోజున పచ్చిక మీద నడిస్తే మేలు జరుగుతుందని తాతల నాటి నుంచి ఆచారం. నడవడానికి పచ్చిక దొరకక వారు ఏటా ఎక్కడెక్కడికో వెళ్ళేవారట. ఈ ఏడు ప్రభుత్వమే గడ్డి పెంచి, పెద్ద అక్షరాలతో బోర్డు కూడా పెట్టిందని చౌకీదారు ప్రతి గడపకూ వెళ్ళి చెప్పాడు. అతడు అబద్ధమాడలేదు. చదివినంత మేరకు చెప్పాడు.

నేను అయినా ఊరుకోలేదు. అందరికంటె ముందున్న ఒక పెద్దావిడ దగ్గరకు వెళ్ళి, రేపు కమిటీ వస్తున్నదనీ, గడ్డి నలిగితే ఈ వాలునంతా బండలతో కప్పేస్తారనీ వివరించాను. ఆవిడ ఓపికగా విన్నది.

"గట్లయితే మస్తు తప్పు బేటా. బండల మీద ఎవరు నడుస్తరు? మా మొఘల్‌పురల అన్ని బండలే ఉన్నయి. నువ్వు ఫికర్ జెయ్యకు. నడుసుడెట్లనో నువ్వే జెప్పు, గట్లనే నడుస్తం."

నా జీవితంలో ఏ పౌరుడూ, ఏ పౌరురాలూ నన్ను అంత సూటిగా నియమం అడగలేదు. ఆపడం నా చేతిలో లేదని అప్పటికే తేలిపోయింది. ఆపలేని దానిని క్రమంలో పెట్టడమే పరిపాలన అని మా గురువుగారు చెప్పేవారు. మాలీ చేత తాడు కట్టించాను. చెప్పులు రోడ్డు మీదనే విడవాలి. ఎడమవైపు ఎక్కి కుడివైపు దిగాలి. ఒకరు నడిచిన జాడలో మరొకరు నడవకూడదు. వాలు మీద పొయ్యి వెలిగించకూడదు, బండి ఎక్కించకూడదు. తిన్న ఆకులు, తొక్కలు ఒక మూల కుప్ప పెట్టాలి. చౌకీదారు దానిని ఉర్దూలోకి మార్చి, నేను చెప్పిన దానికంటె చాలా మర్యాదగా ప్రకటించాడు.

"గడ్డికి గూడ క్యూ ఏంది సార్?" అన్నాడు ఒక రిక్షావాడు. "కిరసనాయిల్ ఇస్తరా చివర్ల?"

అయినా తన చెప్పులు విడిచి వరుసలో నిలబడ్డాడు. అందరూ నిలబడ్డారు. రోడ్డు వారనున్న గోడ పక్కన చెప్పుల వరుస పెరిగింది. నా జీవితంలో అంత చక్కని వరుస మా కార్యాలయంలో జీతాల రోజున కూడా చూడలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా మా శాఖ జీపు వచ్చింది. వెనుక మరొక బండి. మరునాటి తనిఖీకి ఏర్పాట్లు చూడడం అనే పేరిట మా పై అధికారి కుటుంబంతో సహా కార్తీక వనభోజనానికి విచ్చేశారు. సరుకంతా ఉన్నది: వంటవాడు, గుండిగలు, కట్టెలు, విస్తళ్ళ కట్ట, ముందు సీటులో ఆయన తల్లిగారు. వాలు మీద ఒక ఉసిరి చెట్టు ఉండేది. కార్తీకంలో దాని కింద భోజనం చేయాలి కదా. ఆయన జనాన్ని చూసి నివ్వెరపోయారు. కాని ఆకలి మీద ఉన్నారు గనుక ముందు డ్రైవరును జీపు చెట్టు దాకా ఎక్కించమన్నారు.

నేను తాడు దగ్గర నిలబడ్డాను.

"సార్, వాలు మీదికి బండి వెళ్ళకూడదు. పొయ్యి పెట్టకూడదు. చెప్పులు, బూట్లు ఇక్కడే విడవాలి."

"ఏమిటయ్యా? శాఖ నియమాలన్నీ రాయించినవాడిని, నాకే నియమాలు చెబుతున్నావా?"

"అందుకే సార్, మీకు వివరించే శ్రమ నాకు లేదు."

ఇప్పుడు తలచుకుంటే ఆ మాట ఎలా అనగలిగానా అని ఆశ్చర్యం వేస్తుంది. ధైర్యం అని మీరనుకుంటే పొరపాటు. ఉదయం నుంచి కొన్ని వందల మందికి అవే వాక్యాలు వల్లించి వల్లించి, ఎదుట ఎవరున్నారో చూడకుండానే నోరు పలికింది. ఆయన ముఖం గుండిగ మూతలా కందిపోయింది. అప్పటికి వరుసలోని జనమంతా ఆగి చూస్తున్నారు.

"ఇడువుర్రి సాబ్, జోడు ఇడువుర్రి," అన్నాడు రిక్షావాడు. "మా చెప్పుల పక్కన్నే పెట్టుర్రి. ఎవ్వడెత్కపోడు, నేన్ జూస్త."

"గడ్డి నరమ్‌గుంది బేటా, రా," అన్నది మొఘల్‌పురా పెద్దావిడ, చిన్నపిల్లవాడిని పిలిచినట్టు.

ఆయన కదలలేదు. కదిలినది జీపు ముందు సీటు. వారి తల్లిగారు దిగి, తన చెప్పులు విడిచి, గోడ పక్కన వరుసలో పొందికగా పెట్టి, కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్, ఇంతమంది విప్పారు. నీ బూట్లకేమైనా కొమ్ములొచ్చాయా?"

కొమ్ములు రాలేదు. బూట్లు విప్పిన తరువాత మేజోడుకు బొటనవేలు వద్ద చిల్లు మాత్రం కనబడింది. ఎవరూ నవ్వలేదు. ఆ మర్యాద చూస్తే నవ్వినా బాగుండేదేమో అనిపించింది. ఆయన ఆ చిల్లును రెండవ పాదం కింద దాచుకుంటూ, ఎడమవైపు ఎక్కి, కుడివైపు దిగారు. వంట కింద రోడ్డు పక్క మొరం నేల మీదనే అయింది. తల్లిగారు మాత్రం చాలాసేపు దిగలేదు. పెద్దావిడ పక్కన నడుస్తూ ఆరా తీస్తున్నారు.

"ఇదేం నోమమ్మా? ఉపవాసముంటారా?"

"నోము గాదమ్మా. నడుసుడే."

"మోకాళ్ళకు మంచిదేనా?"

"మోకాళ్ళకు తెల్వదు గని, దిల్‌కు మంచిగుంటది."

"దిల్ అంటే?"

పెద్దావిడ గుండె మీద తట్టి చూపించింది. "దానికి మందు వాడుతున్నాలే" అన్నారు మా అధికారి తల్లిగారు. ఉసిరి చెట్టు కింద ఇద్దరూ కూర్చుని దాని నుంచి రాలిన కాయలు కొరికి, ఒకే రకంగా ముఖాలు చిట్లించారు.

సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. తొక్కలు, ఆకులు మూల కుప్పగా ఉన్నాయి. వాలు శుభ్రంగా ఉన్నది. కాని గరిక అంతా నేలకు అంటుకుపోయి ఉన్నది. దువ్వెనతో దువ్వి నూనె రాసినట్టు ఉన్నది. నిలిచి ఉంటే ఆలోచిద్దామన్నారు గదా. అది నిలిచి లేదు, పడుకుని ఉన్నది. నాకు ఆ గడ్డి మీద బండలు కనబడ్డాయి, క్యాంటీను కనబడింది, క్యాంటీను మురుగు నీటిలోకి దిగడం కూడా కనబడింది.

గురువారం కమిటీ వచ్చింది. అధ్యక్షుడు సన్నని మనిషి; ప్రభుత్వ ధనం ఖర్చు చేయడమంటే సొంత పన్ను పీకించుకున్నంత బాధపడతాడని పేరు. వాలును చూసి, "ఈ గడ్డికి ఏమైంది?" అన్నారు.

నేను నోరు తెరిచేలోగా మా పై అధికారి అందుకున్నారు. "గౌలిపుర గేదెలు సార్. మందలు మందలుగా వచ్చి తొక్కేస్తాయి. అందుకే బండలు పరచడం తప్పనిసరి అంటున్నాను."

నా వెనుక నిలబడ్డ మాలీ ఊరుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో ముగిసేది. కాని అతని వంశం మీద అపవాదు పడింది.

"మా బర్రెలా సార్? బర్రె గడ్డి జూస్తే ముందుగాల తింటది, ఎన్కసీరి తొక్కుతది. గిది తొక్కిన్రు గని తినలే. బర్రెలు గింత గడ్డిని తినకుంట వొయినయంటే మా ఇజ్జత్ ఏం గావాలె?"

అధ్యక్షుడు వంగి ఒక గరిక పోచను తీసి చూశారు. కొస తెగలేదు. తరువాత మూలనున్న కుప్ప దగ్గరకు నడిచి, చేతికర్రతో కదిపారు. అరటి తొక్కలు, బత్తాయి తొక్కలు, అడుగున విస్తళ్ళు.

"గేదెలు విస్తళ్ళు వేసుకుని తిన్నాయా?"

మా పై అధికారి చెరువు వైపు చూడసాగారు. ఆ విస్తళ్ళు వారివే.

"నువ్వు చెప్పవయ్యా" అన్నారు అధ్యక్షుడు నాతో.

చెప్పాను. పండుగ సంగతి, జనం సంగతి, వరుస సంగతి చెప్పాను. వనభోజనం సంగతి మాత్రం చెప్పలేదు, అది ఆయన అడగలేదు. నియమభంగం జరిగిందని నేను ఎంతో విచారంగా విన్నవిస్తుంటే, ఆయన ముఖం క్రమంగా వికసించడం చూసి కలవరపడ్డాను. ఆయన ప్రతిపాదన తెరిచి, మా పై అధికారి వైపు తిరిగి, వేలు పెట్టి చదివారు.

"'ప్రజలను ఆకర్షించగల సౌకర్యమేదీ ఈ స్థలమునందు లేదు.' ఇది మీరు రాసినదేనా?"

"అవును సార్."

"నిన్న వందల మంది వచ్చారట. పైసా ఖర్చు లేకుండా. మరి బండలెందుకు, పడవలెందుకు?" ఆయన మళ్ళీ నా వైపు తిరిగారు. "ఈ గడ్డి లేస్తుందా?"

ఇక్కడ అవునని ఒక్క మాట అంటే గెలిచినట్టే. కాని అది పూర్తి నిజం కాదు. "ఒకరోజు నడిస్తే లేస్తుంది సార్. మంచు పడితే చాలు. రోజూ నడిస్తే చస్తుంది. వానాకాలంలో నడిస్తే గడ్డితోపాటు మట్టి కూడా పోతుంది" అన్నాను.

"అయితే సగం తెరువు, సగం మూసిపెట్టు. అది అలసిపోయినప్పుడు ఇది తెరువు. వానల్లో రెండూ మూసెయ్యి. తాడు నీ దగ్గర ఉన్నదిగా?"

ఉన్నది. గడ్డిని ఎవరూ తాకకూడదని నేను, గడ్డే ఉండకూడదని మా పై అధికారి, ఒక సంవత్సరం పాటు పోట్లాడుకున్నాం. ఇద్దరమూ చదువుకున్నవాళ్ళమే. గడ్డికి ఆదివారాలు ఇవ్వవచ్చునన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. ఖర్చు తప్పించుకోవాలన్న ఆరాటంలో ఒక పిసినారికి వచ్చింది. అడవులను, చెరువులను కాపాడేవారు మహానుభావులే అయి ఉండాలని మీరు అనుకోకండి. మన అదృష్టం బాగుంటే లోభులు కూడా కాపాడతారు.

తరువాతి వారం మా పై అధికారి నన్ను పిలిచారు. గదిలో బూట్లతోనే ఉన్నారు.

"మా అమ్మ వచ్చే బుధవారం కూడా అక్కడికి వెళ్తానంటోంది. ఏ సగం తెరిచి ఉంటుందో కనుక్కోమంది."

"ఉసిరి చెట్టున్న సగం సార్."

"మంచిది." ఆయన బల్ల మీద రెండు కాగితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి. ఒకటి, వాలును గడ్డిగానే ఉంచి వంతులవారీగా తెరవవలసినదని. రెండవది, నన్ను సామగ్రి గిడ్డంగికి బదిలీ చేస్తున్నట్టు. ఆ గిడ్డంగిలో గడ్డిపరక ఉండదు. సిమెంటు బస్తాలుంటాయి. మొదటి దాని మీద సంతకం చేసి, సిరా ఆరేదాకా ఊది, జాగ్రత్తగా పక్కన పెట్టి, అదే కలంతో, అదే శ్రద్ధతో రెండవ దాని మీద చేశారు. క్రమపద్ధతి తెలిసిన మనిషి. నమస్కారం పెట్టి, నా కాగితం నేను తీసుకుని బయటికి వచ్చాను.